కృష్ణ మీద 1899 నాటి పుస్తకం: నక్షాలు చింపి అమ్మొద్దు, ఊళ్లకు ఇవ్వండి

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నా. కాలువలు కట్టేశారు, మొక్కజొన్న ఇళ్లకు చేరింది, ఈ ఎండల్లో మధ్యాహ్నం పూట ఎవరికీ పెద్ద పని ఉండదు. తీరిగ్గా చదవండి.

మన కృష్ణా డెల్టా మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం ఉంది. మద్రాసు సర్కారులో ఇరిగేషన్ చీఫ్ ఇంజనీరుగా చేసిన జార్జి వాల్ష్ అనే దొర రాశాడు. 1899లో మద్రాసులో అచ్చయింది. పేరు మన భాషలో చెప్పాలంటే ‘కిస్ట్నా డెల్టా ఇంజనీరింగు పనులు’. కృష్ణ అనటానికి వాళ్లకు నోరు తిరగలేదు, కిస్ట్నా అన్నారు. అంతకు మూడేళ్ల ముందు, 1896లో, గోదావరి డెల్టా మీద కూడా ఆయనే ఇలాంటిది ఒకటి రాశాడు. నదిని మొదట ఎవరు చూశారు, ఆనకట్ట ఎట్లా లేచింది, కాలువలు ఎటు తీశారు, ఆ కథంతా అందులో ఉంటుంది. దాంతోపాటు నక్షాలు, కట్టడాల గీతలు.

ఈమధ్య తెనాలిలో మాకు తెలిసినవాళ్లు అటక సర్దుతుంటే ఆ పుస్తకం బయటపడింది. వాళ్ల తాతగారు కాలువల శాఖలో చేసి రిటైరైన మనిషి. అట్ట ఊడిపోయింది, అంచులు పురుగు కొట్టింది కానీ నక్షాలు బాగానే ఉన్నయ్. హైదరాబాదు నుంచి ఒక పాత వస్తువుల వ్యాపారి ఫోన్లో బేరం పెట్టాడంట. పుస్తకం మొత్తం ఆయనకి అక్కర్లేదు. నక్షాలు, బొమ్మలు విడివిడిగా కోసి, ఫ్రేములు కట్టి అమ్ముకుంటాడు. హోటళ్ల గోడలకి, పెద్ద పెద్ద ఆఫీసుల గదుల్లోకి ఇప్పుడు పాత నక్షాలంటే గిరాకీ. మిగిలిన కాగితాలు మీరే ఉంచుకోండి అన్నాడంట!

అమ్మాలా వద్దా అని వాళ్లు నలుగుర్నీ అడుగుతున్నారు. నన్నూ అడిగారు. నా అభిప్రాయం అక్కడే చెప్పా, ఇక్కడా చెప్తున్నా. వాళ్ల వస్తువు, వాళ్ల ఇష్టం, కాదనను. కానీ నక్షాలు కోసి అమ్మటం మాత్రం వద్దు. అమ్మినా, దాచుకున్నా ముందు ప్రతి పేజీ ఫోటో తీసి ఆయకట్టు ఊళ్లకు ఇవ్వాలి. ఎందుకంటే ఇది గోడకు తగిలించుకునే బొమ్మల పుస్తకం కాదు. ఒక విధంగా మన భూముల దస్తావేజు లాంటిది.

ఈ సంగతి మా ఇంటి వాట్సాప్ గ్రూపులో పెడితే అమెరికాలో అరిజోనాలో ఉండే మా అన్న కొడుకు వెంటనే ఫోన్ చేశాడు. “బాబాయ్, ఇక్కడా ఇదే వ్యాపారం” అన్నాడు. వాడి దగ్గర కూడా ఒక పాత పుస్తకం ఉంది. కొలరాడో నది మీద డెలెన్‌బా అనే ఆయన 1902లో రాసింది, నిండా బొమ్మలు. అక్కడి పాతపుస్తకాల కొట్లో కొన్నాడు. వాడు పేజీలు చూపిస్తూ ఆ నది కథ చెప్పాడు. మనకు ఎందుకు పనికొస్తుందో తర్వాత చెప్తా, ముందు కథ వినండి.

అమెరికా పడమటి వైపు కొలరాడో అనే నది ఉంది. మైలు లోతు లోయల్లో పారుతుంది. 1869 దాకా ఆ లోయల్లో నది ఎట్లా పోతుందో వాళ్ల సర్కారు నక్షాల్లో సరిగ్గా లేదు. ఆ సంవత్సరం మే 24న పావెల్ అనే ఆయన తొమ్మిదిమందితో, నాలుగు పడవల్తో బయల్దేరాడు. ఆయనకి కుడి చెయ్యి లేదు, వాళ్ల అంతర్యుద్ధంలో పోయింది. ఒంటిచేత్తో ఆ లోయల్లో కొండలెక్కి, మట్టాలు కొలిచి, రాసుకుంటూ పోయాడు. పది నెలలకు సరిపడా తిండి సర్దుకుపోయారు గానీ సగం ఏటి పాలే అయింది. జూన్‌లో ఒక పడవ రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. ఎత్తు కొలిచే బారోమీటర్లు అందులోనే ఉన్నయ్. మర్నాడు మనుషులు విరిగిన పడవ దగ్గరికి పోయి ఏదో తీసి కేకలు పెడుతుంటే, నా పనిముట్ల కోసం ఎంత సంతోషిస్తున్నారో అని ఈయన మురిసిపోయాడంట. తీరా చూస్తే బారోమీటర్లతో పాటు ఒక సారా పీపా కూడా దొరికింది. కేకలు దానికి! ఏ దేశంలోనైనా పనివాళ్లు పనివాళ్లే.

ఆగస్టు 30న ఆరుగురే బయటికొచ్చారు. ఒకాయన మొదట్లోనే దిగిపోయాడు. ముగ్గురు ఇక మావల్ల కాదని రెండు రోజుల ముందు లోయ ఎక్కిపోయి, తిరిగిరాలేదు, చంపబడ్డారు. పావెల్ తర్వాత 1871, 72లో ఇంకోసారి పోయాడు. 1875లో సర్కారు ఖర్చుతో బొమ్మల పుస్తకం అచ్చేశాడు. అయితే అందులో ఒక మతలబు ఉంది. రెండు ప్రయాణాల్లో సంగతులు కలిపేసి మొదటి ప్రయాణంలోనే జరిగినట్టు రాశాడు. రెండోసారి ఆయనతో పడవలు లాగిన మనుషుల ఊసే లేదు. ఆ మనుషుల్లో పదిహేడేళ్ల కుర్రాడు ఒకడున్నాడు. వాడే ఈ డెలెన్‌బా. పెద్దయ్యాక 1902లో ఒకటి, 1908లో ఒకటి పుస్తకాలు రాసి ఆ రెండో ప్రయాణం కథ, అందులో మనుషుల సంగతి లోకానికి చెప్పాడు.

సరే, మన నది దగ్గరికి వద్దాం.

మన కృష్ణను కూడా అట్లాగే చూశారు, కానీ లోయలు, సాహసాలు లేవు. ఇక్కడ ఉన్నది కరువు. 1832-33లో వచ్చిన నందన కరువు. మన పెద్దోళ్లు డొక్కల కరువు అనేవాళ్లు. గుంటూరు జిల్లాలో ఆనాటి 5 లక్షల జనంలో దాదాపు 2 లక్షలమంది పోయారని లెక్క. పక్కనే అంత పెద్ద నది సముద్రంలోకి పారుతుంటే ఒడ్డున జనం ఆకలితో చచ్చిపోయారు. సర్కారుకి శిస్తు కూడా పోయింది. శిస్తు పోయింది కాబట్టి చలనం వచ్చింది, అది కూడా చెప్పుకోవాలి. దొరలు మన మీద ప్రేమతో ఆనకట్ట కట్టారని నేను అనటంలేదు. ఆయకట్టుకు నీళ్లొస్తే పన్ను వస్తుంది, కాలువల్లో పడవలు తిరిగితే సరుకు కదుల్తుంది. వాళ్ల లెక్క వాళ్లది.

బకిల్, బెస్ట్, లేక్ అనే కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు నదిని చూసి, లెక్కలు కట్టారు. బెజవాడ దగ్గర ఇటు సీతానగరం కొండ, అటు ఇంద్రకీలాద్రి, రెండు కొండల మధ్య నది ఇరుక్కుని వస్తుంది. రాయి పక్కనే దొరుకుతుంది. కాటన్ బలపరిచాక 1850లో కంపెనీ ఒప్పుకుంది. 1852లో మొదలెట్టి 1855కి కెప్టెన్ ఓర్ పూర్తిచేశాడు. అడుగున బండ లేదు, ఇసుక. ఇసుక మీద రాయి పేర్చి నదిని నిలబెట్టటం కాటన్ ఎక్కడ నేర్చాడనుకున్నారు? తంజావూరు దగ్గర కావేరి మీద మనవాళ్లు ఎన్నో వందల ఏళ్ల కింద కట్టిన కల్లణై చూసి. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. గోదావరి జిల్లాల్లో ఊరూరా కాటన్ విగ్రహం ఉంటుంది. మన వైపు ఓర్ పేరు చెబితే పదిమందిలో ఒకరికి తెలిస్తే గొప్ప.

ఆ ఆనకట్ట 97 ఏళ్లు నిలబడింది. 1952 వరదలో గండి పడింది. 1954లో మొదలెట్టి 1957కి ప్రకాశం బ్యారేజీ కట్టారు. ఇదంతా మీకు తెలిసిందే.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నక్షాలు ఒక గంటసేపు చూశా. దుగ్గిరాల ఉంది, తెనాలి ఉంది. దుగ్గిరాల లాకుల దగ్గర నుంచి కాలువలు చేతివేళ్లలాగా విడిపోయి ఉన్నయ్. ఆ వేళ్లు ఎందుకు అట్లా పోయినయ్ అన్నది మన పిల్లలకు ఎవరూ చెప్పటం లేదు.

మన డెల్టాలో ఒక వింత ఉంది. వేరేచోట్ల నది పల్లంలో ఉంటుంది, నేల దాని వైపు వాలుతుంది. ఇక్కడ నది ఒడ్డే ఎత్తు. వరద పొర్లినప్పుడల్లా బరువైన ఇసుక, గరప మట్టి గట్టు పక్కనే పడిపోతయ్. సన్న ఒండ్రు మాత్రం దూరం పోయి దిగుతుంది. వేల ఏళ్లు ఇట్లా జరిగి నది తన గట్టు తానే లేపుకుంది. కొల్లిపర వైపు లంక భూములు, తేలిక నేలలు, అరటి, పసుపు, కంద. ఇటు మన వైపు వచ్చేకొద్దీ నల్లరేగడి, మాగాణి. ఇదంతా నది చేసిన పనే. కాబట్టి నీళ్లు ఇచ్చే కాలువ ఎత్తు మీద పోవాలి, మురుగు తీసే డ్రెయిను రెండు ఎత్తుల మధ్య పల్లంలో పోవాలి. కాలువ ఒక మెట్టు మీద, డ్రెయిను దాని పక్క గాడిలో. డెల్టా అంతా ఈ లెక్క మీదే నడుస్తోంది. ఈ వాలు కనుక్కోవటానికే ఆ కెప్టెన్లు, వాళ్ల గొలుసులు మోసిన మన మనుషులు ఎండలో వానలో తిరిగారు. అదీ మన నదిని కనుక్కోవటం అంటే. అయితే లంకల్లో సేద్యం చేసేవాళ్లకీ, పడవలు నడిపేవాళ్లకీ అది ముందే తెలుసు, రాయలేదంతే. ఆ కొలరాడో ఒడ్డున కూడా పావెల్ పోక ముందు ఎన్నో తరాలుగా జనం ఉన్నారు. కనుక్కున్నాడు అంటే కాగితం మీద పెట్టాడని అర్థం.

కాగితం మీద పెట్టటం చిన్న పనేం కాదు. దానికి ఒక్క ఉదాహరణ చెప్తా, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి.

కృష్ణ నీళ్ల పంపకానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. 1973లో తీర్పు, 1976లో తుది తీర్పు. 75 శాతం నమ్మకంతో, అంటే నాలుగేళ్లలో మూడేళ్లు ఖాయంగా వచ్చే నీళ్లు 2060 టీఎంసీలు అని తేల్చి, మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, మనకి 800 పంచారు. అందులో మన కృష్ణా డెల్టా వాటా 181.20 టీఎంసీలు. ఈ 2060 అనే అంకె ఎక్కడ నుంచి వచ్చింది? 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్లు బెజవాడ దగ్గర నదిలో ఎంత నీరు వచ్చిందన్న లెక్క మీద వచ్చింది. పాత ఆనకట్ట దగ్గర ఎవరో రోజూ గేజీ చూసి రిజిస్టర్లో రాశారు. వాళ్ల జీతం ఎంతో, వాళ్ల పేరేందో మనకు తెలియదు. కానీ ఆ రిజిస్టర్లు లేకపోతే మన వాటా గురించి మాట్లాడటానికి గట్టి ఆధారమే ఉండేది కాదు. పైన ఎన్ని ఆనకట్టలు లేచినా, డెల్టాది పాత హక్కు అని వాదించగలిగామంటే ఆ కాగితాల పుణ్యమే.

అటు కొలరాడోలో ఏం జరిగిందో చూడండి. నదిని తిరిగి చూసిన పావెల్ 1878లోనే ఒక రిపోర్టు రాశాడు, ఈ ఎండు నేలలో కొంచెం భూమికే నీళ్లు సరిపోతయ్, మిగతాదానికి ఆశ పెట్టొద్దని. 1893లో లాస్ ఏంజిలెస్‌లో నీటిపారుదల సభ పెడితే అక్కడా అదే చెప్పాడు, ఉన్న నీళ్లు చాలవు, ముందుముందు తగాదాలు తప్పవని. సభలో జనం గోల చేసి కూర్చోబెట్టారు. భూములు అమ్ముకునేవాళ్లకి ఆ మాట నచ్చలేదు. 1922లో ఏడు రాష్ట్రాలు నది పంచుకున్నయ్. పైవాళ్లకి 75 లక్షలు, కిందవాళ్లకి 75 లక్షల ఎకరపు అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే మొత్తం కలిపి 650 టీఎంసీల పైచిలుకు. చూశారా, కృష్ణలో మన రాష్ట్రానికి వచ్చిన 800 కంటే తక్కువే! దాని మీద ఇప్పుడు దాదాపు 4 కోట్లమంది బతుకుతున్నారు. పైగా వాళ్లు పంచుకున్నప్పుడు చూసిన సంవత్సరాలు మంచి వానలు పడ్డ సంవత్సరాలు. నదిలో లేని నీళ్లు కాగితం మీద పంచారు. ఆ లోయలో పెద్ద డ్యాము కట్టి ఆ జలాశయానికి పావెల్ పేరే పెట్టారు. వద్దురా అన్నవాడి పేరు!

2022లో అరిజోనాకి ఒక్క ఏడాదే 5,12,000 ఎకరపు అడుగుల కోత పడింది. అంటే 22 టీఎంసీలు. మొదటి దెబ్బ పడింది రైతులకే. మా వాడు ఉండే ఫీనిక్స్‌కి దక్షిణాన పినాల్ కౌంటీ అని ఉంది. అక్కడ రైతులు చేలు బీడు పెట్టారు. నగరంలో నల్లాలు మాత్రం ఆగలేదు. అది మా వాడే చెప్పాడు, వాడు నగరంలోనే ఉంటాడు కాబట్టి.

మనకీ అది కొత్తేం కాదు. ఎగువన ఆలమట్టి నిండాలి, జూరాల నిండాలి, శ్రీశైలం నిండాలి, సాగర్ నిండాలి, ఆ తర్వాత మనం. 2015 నుంచి పట్టిసీమ మీదుగా గోదావరి నీళ్లు రాబట్టి ఆ మాత్రం నారుమళ్లు సకాలంలో పడుతున్నయ్. ముందుముందు ఇంకో పంపకం వచ్చినా, ఇంకో వాదన వచ్చినా డెల్టా రైతు చేతిలో ఏముంది? పేపర్లో వచ్చిన అంకెలు తప్ప ఏమీలేదు. లాయర్లు, ఇంజనీర్లు మాట్లాడుకుంటారు, మనం టీవీ చూస్తాం.

అది పెద్ద సంగతి అనుకుంటే చిన్న సంగతికే వద్దాం, డ్రెయిన్లు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన చుట్టుపక్కల వరి ఎట్లా పడుకుందో, కోసిన పనలు నీళ్లలో ఎట్లా తేలినయ్యో మర్చిపోయారా? వాన ఆగినాక కూడా నీళ్లు దిగలేదు. వాన పడటం మన చేతిలో లేదు, కానీ నీళ్లు రెండు రోజుల్లో దిగుతయ్యా, వారం నిలబడతయ్యా అన్నది డ్రెయిన్ల చేతిలో ఉంది. పనలు నీళ్లలో వారం ఉంటే గింజ మొలకొస్తుంది. మొలకొచ్చిన ధాన్యం ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, మీకు చెప్పక్కర్లేదు.

డ్రెయిన్ల గొడవ కూడా ఇవాళ్టిది కాదు. ఆనకట్ట కట్టినవాళ్లకి నీళ్లు ఇవ్వటం మీద ఉన్న శ్రద్ధ తీయటం మీద లేకపోయింది. స్వతంత్రం వచ్చాక ముంపులు ఎక్కువై 1960ల్లో మిత్రా కమిటీ వేశారు. 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం చేసి కృష్ణా, గోదావరి డెల్టా రైతుల దగ్గర వసూలు చేశారు కూడా. మన నాన్నలు కట్టారు ఆ డబ్బు. డ్రెయిన్లు అప్పుడు వెడల్పు చేశారు. ఇప్పుడేమైంది? గుర్రపుడెక్క ఒకపక్క, పూడిక ఒకపక్క. చిన్న డ్రెయిన్లయితే రెండు వైపులా గట్లు చేలల్లో కలిసిపోయినయ్. ఎవరినీ వేలెత్తి చూపటం లేదు. ఏటా ఒక అరచాలు, ఒక అరచాలు దున్నుకుంటూ పోతే ముప్పై ఏళ్లకి గట్టు మాయం. ఎవరికి వారికి అది చిన్న సంగతే. కానీ పైవాడి చేలో నీళ్లు దిగవు.

ఒకసారి మా వైపు ఒక చిన్న డ్రెయిను అసలు వెడల్పు ఎంతో తెలుసుకుందామని ఒక ఆఫీసుకి పోయి అడిగా. నక్షా చూపించమన్నా. పాతవి ఎలుకలు కొట్టేసినయ్, కొత్తవి పైఆఫీసులో ఉన్నయ్ అన్నారు. పైఆఫీసులో అడిగితే కిందాఫీసులోనే ఉండాలే అన్నారు. ఇందులో కోపం తెచ్చుకోవటానికి ఏమీలేదు, వాళ్లకీ నిజంగానే తెలియదు అనుకుంటా.

“ఇప్పుడు డ్రోన్లు ఎగరేసి రీసర్వే చేస్తున్నారు, ఫోన్లో ఉపగ్రహం బొమ్మ కనపడుతుంది, 125 ఏళ్ల నాటి నక్షా ఎందుకు?” అని ఒకాయన నన్ను అడిగాడు. మంచి ప్రశ్నే. డ్రోను ఇవాళ ఉన్నది చూపిస్తుంది. దున్నేసిన గట్టు డ్రోనుకి చేనులాగానే కనపడుతుంది. ఒకప్పుడు ఏముందో చెప్పాలంటే పాత కాగితమే కావాలి. అట్లాగని ఆ దొర పుస్తకం పట్టుకుపోయి కోర్టులో పెడితే డ్రెయిను వచ్చేస్తుందని అనటంలేదు. హద్దులు తేల్చేది గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ, శాఖ రికార్డులు. పుస్తకంలో నక్షా పెద్ద కొలతది, అందులో బోదెలు, చిన్న డ్రెయిన్లు కనపడవు. కానీ దాన్ని చూస్తే మన చేను డెల్టాలో ఎక్కడ ఉంది, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలి అన్నది తెలుస్తుంది. అది తెలిస్తే ఏ కాగితం అడగాలో తెలుస్తుంది. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలన్నా ఫలానా కాలువ, ఫలానా డ్రెయిను కొలతల పట్టిక ఇవ్వండి అని సరిగ్గా అడిగితేనే జవాబు వస్తుంది. “మా ఊరి డ్రెయిను వివరాలు” అని అడిగితే వచ్చే జవాబు మీకు తెలుసు.

ఇంకో మాట. నీటి సంఘాలు 1997 చట్టంతో వచ్చినయ్. ఎన్నికలప్పుడు హడావుడి, తర్వాత కాంట్రాక్టుల గొడవ. ఏ సంఘం గదిలోనైనా తన కాలువ నక్షా గోడ మీద చూశారా? నేను తిరిగిన మూడు నాలుగు చోట్ల లేదు. నాయకుల ఫోటోలు ఉన్నయ్. ఏ తూము కింద ఎన్ని ఎకరాలు, శివారు ఎక్కడ, మురుగు ఎందులో కలుస్తుంది, ఈ మూడు సంగతులు ఒక్క పెద్ద కాగితం మీద వేసి తగిలిస్తే వంతుల దగ్గర సగం తగాదాలు తగ్గుతయ్. మన లస్కర్లలో ఆ లెక్క నోటికి వచ్చినవాళ్లు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు. వాళ్లు పోతే అదీ పోతుంది.

లస్కర్ల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. ఇట్లాంటి పుస్తకాల్లో కెప్టెన్ల పేర్లు ఉంటయ్, రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఉండవు. గోదావరి మీద ధవళేశ్వరంలో వీణం వీరన్న గారని ఒక తెలుగు ఆయన పనులు నడిపించాడు, ఆయన పేరు నిలిచింది. కృష్ణ మీద? వడ్డెరలు కొట్టిన రాయి, పడవల్లో మోసిన రాయి, తట్టల్తో ఎత్తిన మట్టి. మన చేలకు నీళ్లిచ్చే కాలువ ఒక్కో తట్ట మట్టి చేతుల్తో తీసిందే, పొక్లెయిన్లు లేవు అప్పుడు. మా వాడి పుస్తకం రాసిన కుర్రాడు తోటివాళ్ల సంగతి చెప్పటానికి మిగిలాడు. మనకు అట్లాంటి కుర్రాడు లేడు, ఉన్నా చదువు రానివ్వలేదు. అందుకని పుస్తకం తెలుగులో తెస్తే ఉన్నదున్నట్టు తెస్తే చాలదు. పెద్దోళ్లు చెప్పిన సంగతులు, ఏ ఊరి జనం ఏ పనికి పోయారు, ఎవరు లాకుల దగ్గర చేశారు, పడవలు ఎక్కడ ఆగేవి, ఇవన్నీ పక్కన చేర్చాలి. కొమ్మమూరు కాలువ మీదుగా పెదగంజాం పోయి, అక్కడ బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పడవలు పోయిన రోజులు చూసినవాళ్లు ఇప్పటికీ కొద్దిమంది ఉంటారు. ఎనభై దాటి ఉంటారు. లాకులు అనే మాట మనకి ఇంకా ఉంది, ఆ లాకులు పడవల కోసమని చెబితే పిల్లలు నమ్మరు.

పుస్తకం ఉన్నవాళ్లకి నేను చెప్పింది ఇది. అమ్మదలుచుకుంటే మొత్తం పుస్తకంగా ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి. మన పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టింది, పాత పుస్తకాలు దాచటంలో దానికి పేరు. డబ్బు కావాలంటే తప్పేం లేదు, పదిమంది రైతులం తలా కొంచెం వేసుకుంటాం, వ్యాపారి ఇచ్చేదానికి దగ్గరగా ఇస్తాం. ఎకరానికి పురుగుమందు ఖర్చులో వందో వంతు కాదు. ఈ రెండూ కుదరకపోయినా ఫోటోలు మాత్రం తీసుకోనివ్వండి అన్నా. ఆలోచించి చెప్తామన్నారు. వ్యాపారి తొందరపెడుతున్నాడు, కాబట్టి ఈ నెలలోనే తేలాలి.

మీలో ఇంకెవరింట్లోనైనా పాత కాలువ నక్షాలు, శిస్తు రసీదులు, డ్రెయినేజీ సెస్సు రసీదులు, లాకుల దగ్గర చేసినవాళ్ల కాగితాలు ఏవున్నా పారేయకండి. పాత సామాన్లవాడికి కిలో లెక్కన వేయకండి. ఫోటో తీసి నాకు పంపండి. తీసేటప్పుడు కాగితం నేల మీద పరిచి, పొద్దున పూట వరండాలో వెలుతురు ఉన్నచోట, ఫ్లాష్ వేయకుండా తీయండి. మడత ఉన్నచోట గట్టిగా లాగొద్దు, చిరుగుతుంది. పెద్ద నక్షా అయితే ముందు మొత్తం ఒక ఫోటో, తర్వాత నాలుగు మూలలు విడివిడిగా. వెనక పక్క ఏదైనా రాసి ఉంటే అదీ తీయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అక్షరాలు అలుక్కుపోతయ్, డాక్యుమెంటు లాగా పంపండి. ఎట్లాగో తెలియకపోతే మీ ఇంట్లో పిల్లల్ని అడగండి.